ఇనుప డేగ రెక్క

"పెట్టెలో లేకపోతే ఎక్కడికి పోతుంది నాన్నా? దానంతటది ఎగిరిపోయిందా?"

మా ఆయన ఆ మాట అనేసరికి, అప్పటికి గంటన్నరగా నడుస్తున్న గొడవలో మొదటిసారి మా అమ్మాయి ఫక్కుమంది.

"ఎగిరేదే కదా నాన్నా అది!"

మామయ్య నవ్వలేదు. అటక మీంచి దించిన ట్రంకు పెట్టె ముందు నేలమీద కూర్చుని, పెట్టె అడుగున పరిచిన పాత పేపరు కూడా ఎత్తి చూస్తున్నారు. చుట్టూ ఆయన సామాన్లు. డ్రైవరుగా వేసుకున్న ఖాకీ చొక్కా, రిటైరైన రోజున డిపో వాళ్ళిచ్చిన గోడ గడియారం, అత్తయ్య కళ్ళజోడు.

"ఇందులోనే పెట్టాను. మడతపెట్టి, పైన తెల్ల తువ్వాలు కప్పి, నాలుగు కలరా ఉండలు వేసి మరీ పెట్టాను."

"తువ్వాలుంది. కలరా ఉండలూ ఉన్నాయి. అది మాత్రం లేదు."

"నేనూ అదేగా అంటున్నాను!"

"నువ్వనేది అది కాదు. నువ్వు ఇంకెక్కడో పెట్టి ఇక్కడ పెట్టాననుకుంటున్నావని నేనంటున్నాను. మొన్న గ్యాసు కట్టేశానన్నావు, కట్టేశావా? కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికించావా లేదా?"

"కళ్ళజోడు నువ్వూ వెతికించావు, కిందటి వారం."

"నా సంగతి వేరు."

నేను కిటికీ పక్కన మిషను ముందు కూర్చుని స్కూలు యూనిఫారం చొక్కాకి కాలరు వేస్తున్నాను. తల ఎత్తలేదు. అది ఎక్కడుందో ఆ ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు. పొద్దున్నే చెప్పులు వేసుకోవడానికి మామయ్య కూర్చునే గుమ్మం పక్క స్టూలు ఉందే, సగం దాని మెత్త లోపల ఉంది. మిగిలిన సగం నా ఇస్త్రీ బల్ల గుడ్డ కింద ఉంది.

"నువ్వేమైనా చూశావా అమ్మాయ్?" అన్నారు మామయ్య, నా వైపు తిరిగి. నన్ను ఆయన ఎప్పుడూ కోడలా అని పిలవలేదు. అమ్మాయ్ అనే.

"లేదు మామయ్యా," అన్నాను. మిషను తొక్కుతూనే అన్నాను.

ఆ ఎండాకాలం ఆ మాటతో మొదలైంది.

*

అసలు ఆ సినిమా సంగతి చెప్పాలి. దాని పేరు ఇనుప డేగ. నాకు తొమ్మిదేళ్ళప్పుడు వచ్చింది. పగలంతా గడియారాలు బాగుచేసుకునే ఒక నెమ్మదస్తుడు, ఎవరైనా "కాపాడండి" అని అరిస్తే చాలు, నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళి గుండెలకున్న తాళం చెవి మూడుసార్లు తిప్పుకుని, మెడకి కట్టే ఎర్ర గుడ్డ రెక్క, ఇనుప ముసుగు వేసుకుని ఆకాశంలోకి లేచేవాడు. విలన్ నెత్తిమీద గరాటు బోర్లించుకుని తిరిగేవాడు. వాడి దగ్గర రబ్బరు ఆక్టోపస్ ఒకటి ఉండేది, దాని వీపున జిప్పు స్పష్టంగా కనిపించేది. ఇనుప డేగ మేడ మీద వాలితే చాలు, అట్టముక్కల మేడలన్నీ వరసగా ఊగేవి. ఆకాశంలో తీగలు బట్టలారేసే దండేల్లా మెరిసేవి. మాకు అవేవీ కనపడలేదు. ఆ ఏడాది మా వీధిలో పిల్లలెవ్వరి మెడా తువ్వాలు లేకుండా లేదు. నేను మా అమ్మ ఎర్ర దుప్పటి కట్టుకుని మేడమెట్ల మీంచి దూకాను. గడ్డం కింద మచ్చ ఇప్పటికీ ఉంది.

మొహం కనిపించే చోట్లన్నీ అప్పట్లో పేరున్న హీరో. ఎగిరే చోట్ల మాత్రం మా మామయ్య. పదహారు షాట్లు. ఒక్క దాంట్లో గాలికి ముసుగు పక్కకి జరిగి రెప్పపాటు మొహం కనిపిస్తుంది. ఆ హీరోకి మీసం లేదు, గాల్లో ఉన్నవాడికి ఉంది. మరుసటి వారం చెల్లెలి పెళ్ళి పెట్టుకుని మీసం తీయనంటే తీయనన్నారట మామయ్య. మేము చిన్నప్పుడు అది వేగానికి మొలుస్తుందనుకునేవాళ్ళం.

ఆ తర్వాత ఆయన సినిమాల వైపు పోలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు బస్సు నడిపారు. ఎలా ఎగిరావు తాతయ్యా అని ఎవరడిగినా, "రెక్క ఉంది కాబట్టి," అనేవారు. తీగల గురించీ లోపలి కిటుకుల గురించీ చూసేవాళ్ళకి చెప్పకూడదని ఆ పని నేర్పిన మేస్త్రీ ఒట్టు వేయించుకున్నాడట. ఇంట్లో కూడా చెప్పలేదు. కొడుక్కీ చెప్పలేదు. షూటింగ్ అయిపోయిన రోజున ఆ మేస్త్రీ ఇచ్చిన ఎర్ర శాటిన్ రెక్క ఒక్కటే ఆయన దాచుకున్నది.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి ఇనుప డేగ అంటే జనం పడీపడీ నవ్వే సంగతైపోయింది. మా ఆయనని బళ్ళో డేగ పిల్ల అని ఏడిపించేవారట. గడ్డం కింద ఆ మచ్చ ఏమిటని నా స్నేహితురాళ్ళు అడిగితే, జారిపడ్డానని చెప్పేదాన్ని.

మూడేళ్ళ క్రితం ఒక సాయంత్రం స్కూలు హెడ్‌మిస్ట్రెస్ మా ఇంటికొచ్చింది. మూడొందల మంది పిల్లల యూనిఫారాలు నాకిద్దామా, ఇంకొకరికిద్దామా అని చూసుకోవడానికి వచ్చింది. నేను కుర్చీలు తుడిచి, నమూనా చొక్కాలు ఇస్త్రీ చేసి వరసగా పరిచాను. ఆవిడ కుట్టు తిరగేసి చూస్తూ ఉంటే లోపలి గదిలోంచి మామయ్య వచ్చారు. పైజామా, బనీను, మెడకి ఆ ఎర్ర రెక్క. పిల్లల మేడమ్ వచ్చిందని విన్నారు, పిల్లల సినిమా కదా చూపిద్దామనుకున్నారు. స్టూలు ఎక్కి, చేతులు ముందుకు చాపి, "మేడమ్, ఒక్కసారి ఎగరనా?" అన్నారు.

ఆవిడ నవ్వింది. జాలిగా, నా వైపు చూసి, ఇలాంటివి ప్రతి ఇంట్లోనూ ఉండేవేలే అన్నట్టు నవ్వింది. పనీ ఇచ్చింది, దాని వల్ల నాకు పోయిందేమీ లేదు. కానీ ఆ నిమిషంలో నా మొహం ఎలా పెట్టానో నాకు తెలియదు. మామయ్యకి తెలిసింది. స్టూలు దిగి, రెక్క విప్పి, మడతపెట్టి, పెట్టె అడిగి, అందులో పెట్టి అటకెక్కించేశారు. "మనకెందుకమ్మాయ్ ఇంక ఈ వేషాలు," అన్నారు.

అక్కడితో పోనివ్వచ్చు. నేను పోనివ్వలేదు. మర్నాడు ఆయన డిపో దగ్గర తన పాత స్నేహితుల్ని చూడ్డానికి వెళ్ళిన వేళ పెట్టె దించి దాన్ని తీసి కత్తెర వేశాను. చిమట కొట్టిందని నాకు నేను చెప్పుకున్నాను. చిమట కొట్టలేదు. నలభై ఏళ్ళ బట్ట, కత్తెరకి ఎదురుతిరిగింది.

*

సినిమా క్లబ్బు నడిపే పిల్ల ఫోను చేసిన తర్వాతే ఈ వెతుకులాటంతా. ఊళ్ళో పాత థియేటరు ఒకటి మూసేస్తున్నారు, మూసేలోపు చివరిసారి ఇనుప డేగ వేస్తున్నారు. ఆ పిల్ల మా ఇంటికే వచ్చింది. ఇరవై ఐదేళ్ళుంటాయేమో. మామయ్యని చూడగానే చేతులు రెండూ నోటి మీద పెట్టేసుకుంది.

"సార్, ఆ మీసం మీదే కదా? ఆ మీసం ఎవరిదా అని మేం ఎన్నాళ్ళు వెతికామో తెలుసా! మా నాన్న మీ సినిమా చూసి గోడ దూకి చెయ్యి విరగ్గొట్టుకున్నారు. ఇప్పటికీ చుట్టాలొస్తే చొక్కా చెయ్యి మడిచి చూపిస్తారు."

"అతుక్కుందా సరిగ్గా?" అన్నారు మామయ్య కంగారుగా.

"వంకరగా అతుక్కుంది సార్. అదే ఆయన గొప్ప."

ఆ పిల్ల ఆ సినిమాని చూసి నవ్వేదే. జిప్పు గురించి, ఊగే మేడల గురించి చెప్పి చెప్పి నవ్వింది. కానీ ఆ నవ్వులో హెడ్‌మిస్ట్రెస్ నవ్వు లేదు. మన ఇంట్లో చంటిదాని అడుగులు చూసి నవ్వుతామే, అలా ఉంది. ఆ రోజు మామయ్య భోజనం ముందు కూర్చుని మూడుసార్లు మీసం దువ్వుకున్నారు.

"రెక్క కూడా తెస్తానని చెప్పానమ్మాయ్. ఉందిగా, పెట్టెలో!"

వెతుకులాట వారం రోజులు సాగింది. అటక, మంచాల కిందలు, బీరువాల వెనకలు. తర్వాత వెతకడం మానేసి, తనని తాను వెతుక్కోవడం మొదలుపెట్టారు. కాగితపు ముక్కలు కనిపించసాగాయి. కిటికీ దగ్గర "కళ్ళజోడు ఇక్కడ". పొయ్యి దగ్గర "కట్టేశానా? చూడు". ఆయన అక్షరాలు బస్సు బోర్డు మీద రాసినట్టు పెద్దవి, నిలువుగా ఉంటాయి. ఒకరోజు డిపో నుంచి ఇంటికొస్తూ ఒక స్టాపు ముందే దిగిపోయారు. ఎవరైనా దిగుతారు. కానీ అది ఆయన నడిపిన రూటు. ఇంటికొచ్చి గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని, చెప్పులు విప్పకుండా చాలాసేపు అలా ఉండిపోయారు.

నేను వంటింట్లోంచి చూస్తున్నాను. క్షమించమని అడగడానికి అంతకంటే మంచి సమయం లేదు. చెప్పడానికీ లేదు. ఆయన కూర్చున్నది దాని మీదే. నోరు తెరిచాను కూడా. "మంచినీళ్ళు కావాలా మామయ్యా?" అన్నాను.

మా ఆయన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఈ వయసులో కొంచెం మామూలే, ఒంటరిగా తిరగనివ్వకుండా ఓ కంట కనిపెట్టి ఉండండి అన్నాడట డాక్టరు. ఆ సాయంత్రమే మా వదిన, మా ఆయన అక్క, ఫోను చేసింది. "మీ ఇద్దరికీ పనులాయె. నాన్నని నా దగ్గరికి పంపండి. మా ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు, ఒక్కణ్ణీ గడప దాటనివ్వను," అంది. ప్రేమతోనే అంది. ఆవిడ ఉండేది మూడో అంతస్తు.

*

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. చెప్పకుండా బయటపడే దారి అనుకున్నాను.

అదే రంగు శాటిన్ కొనుక్కొచ్చాను. ఉప్పునీళ్ళలో రెండుసార్లు ఉతికి, ఎర్రటి ఎండలో మేడమీద ఆరేశాను. పల్చటి టీ డికాక్షన్ అక్కడక్కడ చిలకరించాను. మెడ దగ్గర పసుపు పచ్చ పట్టీ, వీపున డేగ బొమ్మ, అంచు మడత. అన్నీ నా చేతులకి గుర్తే, విప్పింది ఆ చేతులే కదా. కలరా ఉండలు పొడి చేసి మడతల్లో చల్లాను. ఇరవై రెండేళ్ళ నా కుట్టుపనిలో అంత శ్రద్ధగా కుట్టింది ఇంకోటి లేదు. అటక మీద పాత పరుపు చుట్టలోకి దూర్చి, మా అమ్మాయిని పరుపు దులపమని ఎక్కించాను.

"దొరికింది! తాతయ్యా, దొరికిందీ!" అని అది అక్కణ్ణుంచే కేక పెట్టింది.

అందరం హాల్లోకి పరుగెత్తాం. నేనూ పరుగెత్తాను. మా ఆయన దాన్ని విప్పి దులిపి, "చూశావా నాన్నా, పరుపు చుట్టలో కుక్కుకుని పెట్టెలో పెట్టానని మా ప్రాణం తీశావు!" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నేను ఆలోచించనిది అది. పోయింది దొరికితే ఆయన మతి కూడా దొరుకుతుందనుకున్నాను. దొరికిన చోటే ఆయన మీద సాక్ష్యం చెబుతుందని తట్టలేదు.

మామయ్య దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నారు. కొంచెం పైకీ కిందికీ ఆడించారు, కూరగాయలు తూచినట్టు. తర్వాత అంచు పట్టుకుని, బొటనవేలూ చూపుడువేలూ మధ్య నలుపుతూ, ఒక కొస నుంచి రెండో కొస దాకా నెమ్మదిగా వెళ్ళారు. మళ్ళీ వెనక్కి వచ్చారు.

"అమ్మాయ్," అన్నారు గొంతు తగ్గించి. "నువ్వు బట్ట తెలిసినదానివి. దీని అంచులో బరువులుండాలి కదూ? బోల్టులకి వేస్తారే, వాషర్లు, అవి. మొదటి రోజు గాలికి రెక్క మొహం మీదికొచ్చి కళ్ళు కనపడక గోడకి గుద్దుకున్నాను. అప్పుడు బట్టలు కుట్టే ఆవిడ లోపల పెట్టి కుట్టింది. నేనెవరికీ చెప్పలేదు."

ఆయన ఆ ఒట్టు నలభై ఏళ్ళలో మొదటిసారి తప్పారు. నా దగ్గర తప్పారు.

ఆ వాషర్లు నా బొత్తాల డబ్బాలో ఉన్నాయి. బట్ట కత్తిరించేటప్పుడు కాగితం కదలకుండా రోజూ అవే పెట్టుకుంటాను. ఆ పొద్దున కూడా పెట్టుకున్నాను. కొత్తదాని అంచు మడిచేటప్పుడు మాత్రం అవి తట్టనే లేదు.

"ఏమో మామయ్యా," అన్నాను. "నాకెలా తెలుస్తుంది? ఇందులో అలాంటివేమీ ఉన్న గుర్తులు లేవే."

ఆయన ఇంకొక్కసారి అంచు తడిమారు. "అయితే అదీ నేననుకున్నదేనన్నమాట," అన్నారు. ఎవరితోనూ కాదు. రెక్కని జాగ్రత్తగా మడతపెట్టి నా చేతికిచ్చారు. జేబులోంచి ఇంటి తాళం చెవి తీసి మా ఆయన ముందు బల్లమీద పెట్టారు.

"ఇది నీ దగ్గరుంచరా. నేను పారేస్తానేమో."

ఆ జేబు కూడా నేను కుట్టిందే. ఆయన చొక్కాలన్నిటికీ ఎడమవైపు లోపల ఒక జేబు పెడతాను. బస్సు నడిపే రోజుల్లో వంగితే పై జేబులోవి పడిపోతున్నాయంటే, పెళ్ళైన కొత్తలో నేను కనిపెట్టి కుట్టాను. అప్పటి నుంచీ ఆయన నా చేతి చొక్కా తప్ప తొడగలేదు.

*

శనివారం మధ్యాహ్నం ఆట. వదిన కూడా వచ్చింది, అలాగే ఆదివారం ఆయన్ని వెంట తీసుకుపోదామని. థియేటర్లో సగం కుర్చీలు విరిగినవే అయినా మనుషులు నిలబడి చూశారు. తలలు నెరిసినవాళ్ళు మెడకి తువ్వాళ్ళు కట్టుకొచ్చారు. ఒకాయన బట్టతల మీద గరాటు బోర్లించుకుని వచ్చి నిజంగా టికెట్టు తీసుకుని కూర్చున్నాడు.

ఆక్టోపస్ రాగానే హాలంతా "జిప్పో!" అని అరిచింది. మేడలు ఊగితే వీళ్ళూ ఊగారు. మీసం కనిపించిన ఆ రెప్పపాటుకి చప్పట్లు ఎంతసేపు మోగాయంటే, తర్వాతి మాటలు ఎవరికీ వినపడలేదు. ఆ మాటలు అందరికీ కంఠతా వచ్చు, వాళ్ళే చెప్పేసుకున్నారు. నా పక్కన వదిన, ఏనాడూ ఈ సినిమా పేరెత్తనివ్వని వదిన, కళ్ళు తుడుచుకుంటోంది.

నేను మాత్రం అంచు చూశాను. తొమ్మిదేళ్ళప్పుడు చూడనిది. రెక్క గాలికి లేస్తుంది, కానీ ఆయన మొహం మీదికి రాదు. బరువుగా, గంటలా ఊగి, వెనక్కి వెళ్ళి నిలబడుతుంది. దాని వల్లే ఆ అట్టముక్కల ఊళ్ళో అదొక్కటీ నిజంగా ఎగిరినట్టుంది. నేను మెట్ల మీంచి దూకింది దాన్ని నమ్మే. ఎక్కడెక్కడ ఏ వాషరుందో నేను వేలుపెట్టి చూపించగలను.

ఆట అయ్యాక మామయ్యని స్టేజీ ఎక్కించారు. భుజాల మీద నేను కుట్టిన రెక్క. క్లబ్బు పిల్ల మైకు పట్టుకుని, "సార్, మా అందరికీ ఎప్పటి నుంచో ఒకటే అనుమానం. ఆ రోజుల్లో వచ్చిన సినిమాలన్నిట్లో రెక్కలు మొహాలకి చుట్టుకుపోయాయి. మీది ఒక్కటే అంత బాగా ఊగింది. ఏం చేశారు సార్? ఇప్పుడైనా చెప్పండి," అంది.

 మామయ్య చెయ్యి కిందికి వెళ్ళి రెక్క అంచు పట్టుకుంది. మూడో వరసలో ఉన్న నా వైపు చూశారు, బళ్ళో మర్చిపోయిన పాఠం అందిస్తానేమోనని చూసినట్టు.

"ఏవో ఉండేవనుకున్నానమ్మా," అన్నారు. "లేవట."

జనం ప్రేమగా నవ్వి చప్పట్లు కొట్టారు. పెద్దాయన, పాపం, మర్చిపోయారు. మా అమ్మాయి ఈల కూడా వేసింది. నా చేతులు ఒడిలోంచి లేవలేదు.

*

ఆదివారం భోజనాలయ్యాక వదిన ఆయన బ్యాగు సర్దడం మొదలుపెట్టింది. చొక్కాలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ, "ఇదేంటే, లోపల కూడా జేబులా! దొంగ సరుకు దాచడానికా నాన్నా?" అని హాస్యమాడుతోంది. మామయ్య గుమ్మం దగ్గర స్టూలు మీద, బుద్ధిగా, బస్సు కోసం కూర్చున్నవాడిలా కూర్చున్నారు. మా ఆయన మందుల చీటీ రాస్తున్నారు. మా అమ్మాయి అలిగి గోడకి ఆనుకుని నిలబడింది.

"వదినా, ఒక్క నిమిషం ఆపండి," అన్నాను.

బొత్తాల డబ్బా తెచ్చి మామయ్య ముందు చిన్న బల్ల మీద బోర్లించాను. బొత్తాలు దొర్లిపోయాయి, వాషర్లు పడిన చోటే ఉన్నాయి. తుప్పు లేదు, రోజూ నా చేతుల్లో నలిగినవి కాబట్టి నున్నగా మెరుస్తున్నాయి.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మామయ్య చెయ్యి మాత్రం ముందుకొచ్చింది. ఒకటి తీసుకుని అరచేతిలో ఎగరేసి పట్టుకున్నారు. తర్వాత మిగిలినవి బొత్తాల్లోంచి వేరుచేసి ఒక వరసలో పెట్టారు.

"పదకొండే ఉన్నాయి," అన్నారు. "పన్నెండుండాలి. అటారు, ఇటారు."

నేను మరిచేపోయాను. ఆయన మరిచిపోలేదు.

"ఒకటి మిషను కాలు కింద ఉంది మామయ్యా. కుంటుతోందని పెట్టాను."

మా అమ్మాయి వెళ్ళి మిషను ఒక మూల ఎత్తి, దుమ్ము ఊది, పన్నెండోది తెచ్చి వరస చివర పెట్టింది.

"ఏమిటిది?" అన్నారు మా ఆయన.

"రెక్క అంచులోవి. దాన్ని నేనే కత్తిరించాను, మూడేళ్ళయింది. ఆయన పెట్టెలోనే పెట్టారు, తువ్వాలు కప్పి, కలరా ఉండలు వేసి, ఆయన చెప్పినట్టే పెట్టారు. మొన్న దొరికింది నేను కుట్టింది."

"కత్తిరించి ఏం చేశావ్?" అంది వదిన.

చెప్పక తప్పలేదు. "కొంత ఇస్త్రీ బల్లకి వేశాను. కొంత ఆ స్టూలు మెత్తలో ఉంది."

మామయ్య లేచి నిలబడ్డారు. తెలియక ఎవరి కళ్ళజోడు మీదో కూర్చున్న మనిషి లేచినట్టు, మెల్లిగా.

"అంటే ఇన్నాళ్ళూ... నాన్న కాగితాలు రాసుకుంటూ తిరుగుతుంటే... డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేటప్పుడు నువ్వేగా గొడుగిచ్చింది!" అన్నారు మా ఆయన.

"నేను గది ఖాళీ చేయించాను కదే," అంది వదిన, చేతిలో చొక్కా అలాగే పట్టుకుని. "కిటికీలకి ఊచలు కూడా పెట్టించాను."

వాళ్ళు ఇంకా ఏమంటారో విందామనే నిలబడ్డాను. తిడితే బాగుండుననిపించింది. మామయ్య చెయ్యెత్తి వాళ్ళని ఆపారు.

"ఆ మేడమ్ వచ్చిన రోజేనా?"

"మర్నాడు, మామయ్యా."

తల ఊపారు. ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే చెప్పుకోవడానికి ఏదో ఒకటి దొరికేది.

పన్నెండు వాషర్లూ ఒకదాని మీద ఒకటి పేర్చి చొక్కా లోపలి జేబులో వేసుకున్నారు. ఆ వైపు చొక్కా బరువుకి కొంచెం కిందికి లాగింది. మా ఆయన ముందు చెయ్యి చాపారు. మా ఆయన లేచి వెళ్ళి తాళం చెవి తెచ్చి ఆ చేతిలో పెట్టారు. అదీ అదే జేబులోకి వెళ్ళింది.

"బ్యాగు విప్పెయ్ తల్లీ," అన్నారు వదినతో. "నేనెక్కడికీ రావడం లేదు." మా అమ్మాయి వైపు తిరిగి, "ఆ క్లబ్బు పిల్లకి ఫోను చేసి చెప్పు. ఉన్నాయి, పన్నెండు అని చెప్పు," అన్నారు.

అది గోడ దగ్గర్నుంచి ఎగిరి గంతేసింది. వదిన చొక్కాలు తిరిగి బయటికి తీస్తోంది. నేను నేలమీద దొర్లిన బొత్తాలు ఏరుతున్నాను. అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను.

మామయ్య గుమ్మం దగ్గర, ఈసారి నిలబడే, చెప్పులు తొడుక్కున్నారు. డిపో వైపు వెళ్ళే వేళ అది. గడప దాటబోయి ఆగి, రేపు ఎండ ఎక్కువుంటుందట అని చెప్పే గొంతుతో, నా ఒక్కదానితో కాకుండా అందరితోనూ అన్నారు.

"ఇక నుంచి నా చొక్కాలు బజార్లో కుట్టించుకుంటాను. లోపలి జేబు ఎలా పెట్టాలో వాడికి నేనే చెప్పుకుంటాలే."